మిగిలిపోతున్న మీల్ స్వైపులను ఆకలితో ఉన్న తోటి విద్యార్థులకు ఎలా చేర్చాలి?

ప్రశ్న: కృష్ణలంక అమ్మాయి

అందరికీ నమస్కారం. నేను విజయవాడ నుంచి వచ్చి, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక కళాశాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా దగ్గర మొదటి రెండేళ్లు క్యాంపస్ హాస్టల్‌లోనే ఉండాలి, హాస్టల్‌లో ఉన్నవారు మీల్ ప్లాన్ తప్పనిసరిగా కొనాలి. నేను ఎంచుకున్నది ఉన్నవాటిలో చిన్న ప్లాన్. అయినా అందులో వారానికి 14 పూటల భోజనం ఉంటుంది. ఉదయం తరగతులు, సాయంత్రం ల్యాబు, శనివారం గదిలో వండుకునే పప్పన్నం అన్నీ పోను, నేను వాడేది తొమ్మిదో పదో. మిగిలిన నాలుగైదు పూటలు శనివారం అర్ధరాత్రి దాటగానే రద్దైపోతాయి. ఆదివారం ఉదయం కార్డు గీస్తే తెర మీద మళ్లీ 14 కనిపిస్తుంది.

శనివారం రాత్రి మా డైనింగ్ హాలు పక్కనున్న చిన్న దుకాణంలో ఒక దృశ్యం ప్రతివారం చూస్తున్నాను. స్వైపు, అంటే ఒక పూట భోజనానికి కార్డు గీసే హక్కు, పోతుందన్న బాధతో పిల్లలు అవసరం లేని నీళ్ల సీసాలు, చిప్స్ పొట్లాలు చేతుల నిండా తీసుకుని వెళ్తారు. వాటిలో సగం సోమవారం నాటికి హాస్టల్ వరండాలోని చెత్తడబ్బాలో మూత కూడా తీయకుండా కనిపిస్తాయి. అదే వారంలో మా తెలుగు విద్యార్థుల బృందంలోని ఒక ఎమ్మెస్ అక్క, మాటల సందర్భంలో, జీతం శుక్రవారం గానీ రాదని, అప్పటిదాకా పూటకు ఒక కప్పు అన్నం, ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడితో సరిపెట్టుకుంటున్నానని చెప్పింది. చెప్పి, వెంటనే మాట మార్చేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా కార్డు ఆమెకు ఇద్దామంటే, కార్డు మీద ఫొటో ఉంటుంది, మరొకరు వాడితే నియమోల్లంఘన అవుతుంది. మా కళాశాలలో స్వైపులు దానం చేసే ఏర్పాటు లేదు. డైనింగ్ కార్యాలయంలో అడిగితే, వాడని భోజనాలకు విలువ ఉండదని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను డబ్బు కట్టిన భోజనానికి విలువ ఎందుకు ఉండదో నాకు అర్థం కాలేదు. ఇలాంటి ఏర్పాటు మరోచోట ఎలా సాధించారో, దాన్ని ఎలా నడుపుతారో తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు. ఇంకొక సందేహం కూడా ఉంది. ఆ అక్కలాంటివారు నోరు తెరిచి అడగరు. అడగనివారికి ఇది ఎలా చేరుతుంది?

జవాబు: గోదావరి గట్టు

చెల్లెమ్మా, నీ ప్రశ్నలోనే సగం సమాధానం ఉంది. నేను చదువుకునే రోజుల్లో మా క్యాంపస్‌లో ఈ పని రెండేళ్లు చూసుకున్నాను కాబట్టి తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ కార్యాలయం వారు చెప్పిన మాట గురించి. వారు అబద్ధం చెప్పలేదు, అయితే పూర్తి నిజమూ చెప్పలేదు. మీల్ ప్లాన్ ధర నిర్ణయించేటప్పుడే, పిల్లలు కొన్న భోజనాల్లో కొంత భాగం తినరని లెక్క వేసుకుంటారు. వంద పూటలు అమ్మితే వంద పూటలకూ వండరు. తినని పూటల లెక్క తీసేసిన తర్వాతే ఒక్కో పూట ధర నిర్ణయమవుతుంది. అందువల్ల మిగిలిన స్వైపులన్నీ ఇంకొకరు వాడుకుంటే తమ ఖర్చు పెరుగుతుందన్నది వారి భయం. ఈ లెక్క తెలియకుండా వెళ్లి, మా డబ్బు మాకివ్వండి అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. మేము మొదటిసారి సరిగ్గా అలాగే వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చాం.

రెండోసారి వెళ్లినప్పుడు అడిగే తీరు మార్చుకున్నాం. ఒక్కో విద్యార్థి ఒక సెమిస్టర్‌లో ఇన్ని స్వైపులకు మించి ఇవ్వకూడదని మేమే ఒక హద్దు పెట్టాం. ఇచ్చిన స్వైపును పూర్తి అమ్మకపు ధరతో లెక్కించనక్కరలేదని, వంట సరుకులకు అయ్యే ఖర్చు మేరకు లెక్కగట్టినా చాలునని చెప్పాం. ఇలా సమకూరినదాన్ని రెండు విధాలుగా వాడవచ్చు. ఒకటి, అవసరం ఉన్న విద్యార్థి కార్డులోకి నేరుగా కొన్ని భోజనాలు వేయడం. రెండోది, ఆ మొత్తాన్ని క్యాంపస్ ఫుడ్ ప్యాంట్రీకి, అంటే విద్యార్థులు బియ్యం, పప్పు, పాలు ఉచితంగా తీసుకెళ్లే గదికి, సరుకుల రూపంలో ఇవ్వడం. మా దగ్గర రెండూ చేశారు. హద్దు ఉంది కాబట్టి ఖర్చు ఎంతవుతుందో కార్యాలయానికి ముందే తెలిసింది, కనుక సంతకం పెట్టడం వారికి సులువైంది.

దీనికి మూలం 2010లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడ కొందరు స్నేహితులు తమ మిగులు స్వైపులతో భోజనాలు తీసుకుని, నగరంలో ఇల్లూ వాకిలీ లేనివారికి పంచడం మొదలుపెట్టారు. ఆ పనే పెరిగి స్వైప్ అవుట్ హంగర్ అనే సంస్థ అయింది. పని సాగేకొద్దీ, తమ పక్క బెంచీలో కూర్చున్నవారిలోనే పస్తులున్నవారు ఉన్నారని తెలిసి, దృష్టి క్యాంపస్ లోపలి ఆకలి మీదకు మళ్లింది. ఇప్పుడు వందలాది కళాశాలలు ఆ సంస్థతో కలిసి నడుస్తున్నాయి. కాబట్టి నువ్వు అడుగుతున్నది ఎక్కడా లేని వింత కోరిక కాదని మీ కార్యాలయానికి ధైర్యంగా చెప్పవచ్చు.

అడిగితే ఇవ్వని చోట్ల విద్యార్థులు ఎంతదాకా వెళ్లారో కూడా నీకు తెలియాలి. 2017 నవంబరులో అట్లాంటాలోని స్పెల్‌మన్, మోర్‌హౌస్ కళాశాలల విద్యార్థులు, మిగిలిన భోజనాలను ఆకలితో ఉన్న సహాధ్యాయులకు ఇచ్చుకునే వీలు కల్పించాలని కోరుతూ నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ దీక్ష ఫలితంగా స్పెల్‌మన్‌లో ఏడాదికి 14,000 భోజనాలు ఉచితంగా ఇచ్చేందుకు అంగీకారం కుదిరింది. తాను తినకుండా కూర్చుని మరొకరి అన్నం కోసం అడగడం ఎంత గట్టి మాటో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. మీ దగ్గర అంత అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను.

చట్టం వైపు నుంచి కూడా కొంత ఊతం ఉంది. 2017లోనే కాలిఫోర్నియా ప్రభుత్వం, ఆకలి లేని క్యాంపస్‌ల కోసం తన మూడు ఉన్నత విద్యా వ్యవస్థలకు కలిపి 75 లక్షల డాలర్లు కేటాయించింది. స్వైపుల దానానికి వీలు కల్పించడం, ఫుడ్ ప్యాంట్రీ నడపడం, ప్రభుత్వ ఆహార సహాయానికి దరఖాస్తు చేయించే మనిషిని పెట్టడం అందులోని షరతులు. 2019లో న్యూజెర్సీ ఆ దారిలో చట్టం చేసింది. నువ్వు మీ విద్యార్థి సంఘంతో తీర్మానం చేయించేటప్పుడు ఈ రెండు రాష్ట్రాల పేర్లు అందులో ఉంటే చదివేవారు ఇంకాస్త శ్రద్ధ పెడతారు.

ఒక చిన్న విషయం మాత్రం మరచిపోవద్దు. సంతకాల కాగితం పట్టుకుని వెళ్లే ముందు, ఒక నెలపాటు మీ హాస్టల్ అంతస్తులో ఎవరికి వారానికి ఎన్ని స్వైపులు మిగులుతున్నాయో ఒక పుస్తకంలో రాసి పెట్టుకో. మేము 40 మంది లెక్క రాసుకుని వెళ్లాం. మా ఉపన్యాసం కంటే ఆ చేతిరాత పట్టికే ఎక్కువ పని చేసింది.

జవాబు: రాత్రి షిఫ్టు

చెల్లీ, నేను ఇవతలి ఒడ్డున నిలబడి రాస్తున్నాను. స్వైపులు ఇచ్చినవాడిని కాదు, తీసుకున్నవాడిని.

మాది నల్లగొండ జిల్లా. అప్పు చేసి ఎమ్మెస్‌కు వచ్చాను. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ 20 గంటల జీతంలో గది అద్దె పోను మిగిలేది ఫోను బిల్లుకు, బస్సుకు, తిండికి సరిపోవాలి. మూడో వారానికి బియ్యం సంచి అడుగు కనిపించేది. ఇంటికి ఫోను చేస్తే అమ్మ మొదట అడిగే మాట తిన్నావా అని. తిన్నానని చెప్పడం అలవాటైపోయింది.

నేను పని చేసింది డైనింగ్ హాలులోనే. రాత్రి తొమ్మిదిన్నరకు తలుపులు మూశాక, వడ్డించకుండా మిగిలిన ట్రేలను పెద్ద నల్లటి సంచుల్లోకి వంచడం నా పని. షిఫ్టు ఉన్న రోజు ఒక పూట భోజనం ఇచ్చేవారు. షిఫ్టు లేని రోజు ఆ తలుపు ముందు నుంచే నడిచి వెళ్లేవాడిని. బియ్యం విలువ తెలిసిన ఇంట్లో పుట్టినవాడికి, వేడి తగ్గని అన్నాన్ని సంచిలోకి వంచడం ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు.

మా విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంక్షేమ కార్యాలయం ద్వారా స్వైపులు ఇస్తారని నోటీసు బోర్డు మీద చాలాసార్లు చూశాను. వెళ్లలేదు. మనకంటే కష్టంలో ఉన్నవారికి దక్కాల్సింది మనం లాక్కుంటున్నామేమో అనిపించేది. వీసాకు ఏమైనా అడ్డం వస్తుందేమోనన్న భయం అంతకంటే ఎక్కువగా ఉండేది. చివరికి ఒక అర్ధరాత్రి దరఖాస్తు తెరిచి చూస్తే, అందులో అడిగినవి మూడే: విద్యార్థి సంఖ్య, ఈ వారం భోజనానికి ఇబ్బంది ఉందా అన్న ప్రశ్న, ఎన్ని పూటలు కావాలన్న ప్రశ్న. ఎందుకు అని అడగలేదు. ఆదాయ పత్రాలు అడగలేదు. మర్నాడు మధ్యాహ్నానికి నా మామూలు కార్డులోకి పది భోజనాలు వచ్చాయి.

ఆ రోజు కార్డు గీసినప్పుడు నా గుండె దడదడలాడింది. తెర మీద వేరే రంగు వస్తుందేమో, అక్కడ కూర్చున్నామె నా ముఖం చూస్తుందేమో అనుకున్నాను. నా ముందున్న కుర్రాడికి వెలిగిన పచ్చదీపమే నాకూ వెలిగింది. ఆమె తల ఎత్తకుండానే మంచి భోజనం చేయమని చెప్పింది. నేను ట్రే తీసుకుని వరుసలో నిలబడ్డాను, అంతే.

అందుకే నీ చివరి ప్రశ్నకు నా జవాబు ఇది. అడగడానికి ఒక మనిషి ముఖం చూడాల్సిన అవసరం లేకుండా చేయండి. వేరే కూపన్లు, వేరే రంగు కార్డులు, వేరే బల్ల, ఇవేవీ పెట్టించకండి. నెలలో ఒకటి రెండుసార్లు తప్ప ఇవ్వబోమనే కట్టుబాటూ పెట్టించకండి, ఎందుకంటే మొదటిసారి అడగడానికే మాకు రెండు నెలలు పడుతుంది. మన అక్కకు నేరుగా చెప్పకుండా, మీ బృందంలో అందరికీ పంపే సందేశంలో ఆ దరఖాస్తు లింకు కూడా పెట్టు. నాకు అలాగే చేరింది.

వీసా భయం గురించి ఒక్క మాట. అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆహార సహాయమైన స్నాప్‌కు ఎఫ్-1 విద్యార్థులు అర్హులు కారు, దానికి దరఖాస్తు చేయకూడదు. తోటి విద్యార్థులు ఇచ్చిన స్వైపులు కళాశాల సొంత ఏర్పాటు, ప్రభుత్వ పథకం కాదు. నేను మా అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి నిర్ధారించుకున్నాకే వాడాను. మీ దరఖాస్తు పైభాగంలోనే ఆ కార్యాలయం చేత ఈ విషయం ఒక వాక్యంలో రాయించండి. ఆ ఒక్క వాక్యం లేక ఎంతమంది మనవాళ్లు ఆ పేజీ మూసేస్తున్నారో నేను చూస్తున్నాను.

జవాబు: ఓరుగల్లు మాస్టారు

అమ్మాయీ, నీ ప్రశ్న చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. నాకు అమెరికా కళాశాలల సంగతి తెలియదు. పిల్లల ఆకలి సంగతి మాత్రం కొంత తెలుసు.

మా నాన్నగారు వారాలు చేసుకుని చదువుకున్నారు. ఈ తరం వారికి ఆ మాట తెలుసో లేదో. ఊరుగాని ఊళ్లో చదువుకునే పేద పిల్లవాడికి సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరొక ఇంట్లో భోజనం పెట్టేవారు. వారంలో ఏడు రోజులకు ఏడిళ్లు కుదిరితే ఆ పిల్లవాడి చదువు గట్టెక్కినట్టే. ఒక ఇల్లు తగ్గితే ఆ రోజు పస్తే. ఆంధ్రదేశంలో ఎందరో పెద్దలు ఇలా చదువుకుని పైకి వచ్చారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారి తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. ఒక పూట అన్నం వెనుక ఒక చదువు నిలబడి ఉంటుందని ఆ కాలం వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

అయితే మా నాన్నగారు ఎనభై ఏళ్ల వయసులో కూడా ఆ ఏడిళ్లలో వడ్డించిన కూరల పేర్లు చెప్పేవారు కారు. ఏ ఇంట్లో తనను ఇంటి పిల్లల పంక్తిలో కూర్చోబెట్టారో, ఏ ఇంట్లో అందరూ లేచాక వసారాలో విస్తరి వేశారో, అదే చెప్పేవారు. గురువారం ఇంటావిడ పెరుగు వడ్డిస్తూ తన కొడుకుకు వేసినంతే తనకూ వేసేదని చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. పైన తమ్ముడు రాసిన పచ్చదీపం మాట చదవగానే నాకు ఆ పెరుగు గుర్తుకు వచ్చింది.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కొంతకాలం హాస్టల్ వార్డెన్‌గా పని చేశాను. మన విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో చాలాచోట్ల నెల ఖర్చును తిన్నవారందరికీ పంచే పద్ధతి ఉంటుంది. సీటు దొరకని పిల్లలు స్నేహితుల గదుల్లో తలదాచుకుంటూ, ఆ స్నేహితుల భోజనంలోనే పంచుకు తింటారు. వారిని నాన్ బోర్డర్లు అంటారు. నియమం ప్రకారం వారిని బయటకు పంపాలి. మెస్‌లో ఒక కంచం ముందు ఇద్దరు కూర్చుని ఉండగా చూసి, చూడనట్టు దాటిపోయిన రోజులు నాకు చాలా ఉన్నాయి. అది సరైన పద్ధతి కాదని నాకు తెలుసు. కళ్లు మూసుకుని ఇచ్చే దయ వార్డెన్ మారిన రోజున పోతుంది. నా తర్వాత వచ్చినాయన తనిఖీ పెట్టగానే ఆ పిల్లలు చెల్లాచెదురయ్యారు. ఇద్దరు చదువు మానేశారని తర్వాత విన్నాను. అప్పుడే కాగితం మీద ఒక పద్ధతి రాయించి ఉంటే బాగుండేదన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుచేత అమ్మా, నువ్వు ఎవరో ఒక మంచి అధికారి మాటతో తృప్తి పడవద్దు. రాతపూర్వకంగా, వచ్చే ఏడాది డైనింగ్ ఒప్పందంలో ఉండేలా చేయించు.

ప్రశ్నకర్త: కృష్ణలంక అమ్మాయి

ముగ్గురికీ నా నమస్కారాలు. మాస్టారూ, మీ నాన్నగారి గురువారం ఇల్లు నేను మరచిపోలేను. అన్నయ్యా, మీరు చెప్పిన పట్టిక ఈ రోజే మొదలుపెట్టాను. మా అంతస్తులో 22 మంది తమ లెక్క రాయడానికి ఒప్పుకున్నారు.

ఇంకొక్క సందేహం. రాత్రి షిఫ్టు అన్నయ్య రాసిన ఆ మిగిలిన ట్రేల సంగతి కూడా ఇందులోకే వస్తుందా? రెండూ కలిపి అడగాలా, విడివిడిగానా?

జవాబు: గోదావరి గట్టు

విడివిడిగా అడగడమే మంచిది, చెల్లెమ్మా. స్వైపు అంటే ఇంకా వండని భోజనం మీద హక్కు. ట్రేలో మిగిలినది ఇప్పటికే వండిన ఆహారం. దాన్ని చల్లార్చడం, నిల్వ చేయడం, నిర్ణీత వేడిలో తరలించడం వంటి జాగ్రత్తలు వేరు, దానికి మనుషులూ వాహనమూ కావాలి. 2011లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు మొదలుపెట్టిన ఫుడ్ రికవరీ నెట్‌వర్క్ ఆ పనే చేస్తోంది. డైనింగ్ హాలులో మిగిలినదాన్ని సేకరించి, స్థానిక ఆశ్రయాలకు అందిస్తారు.

తిన్నవారికి ఏమైనా అయితే మా మీద దావా వేస్తారని కార్యాలయం వారు తప్పకుండా అంటారు. 1996 నుంచే అమెరికాలో, మంచి ఉద్దేశంతో ఆహారం దానం చేసినవారికి, ఘోరమైన నిర్లక్ష్యం లేనంతవరకు, చట్టపరమైన రక్షణ ఉంది. 2023 జనవరిలో చేసిన సవరణతో ఆ రక్షణ ఇంకా విస్తరించింది. ఈ మాట వారి న్యాయ విభాగానికి తెలిసే ఉంటుంది, కాబట్టి మర్యాదగా గుర్తు చేస్తే చాలు.

మీ దగ్గర ఆకలి ఎవరికుంది అని ఎవరైనా అడిగితే కూడా సిద్ధంగా ఉండు. 2024లో జి.ఎ.ఓ., అంటే ప్రభుత్వ ఖర్చులను సమీక్షించే సమాఖ్య సంస్థ, 2020 నాటి లెక్కల ఆధారంగా కళాశాల విద్యార్థుల్లో సుమారు 23 శాతం మంది, అంటే 38 లక్షల మంది, సరిపడా తిండికి ఇబ్బంది పడుతున్నారని తేల్చింది. స్వదేశీ విద్యార్థులకైనా స్నాప్ అందరికీ రాదు. పూర్తి కోర్సులో కనీసం సగం భారంతో చదువుతున్నవారు వారానికి 20 గంటలు పని చేయడం వంటి మినహాయింపుల్లో ఏదో ఒకటి చూపించాలి. పని చేస్తే చదువు వెనకబడుతుంది, చేయకపోతే సహాయం అందదు. ఆ మధ్యలో ఇరుక్కున్న అమెరికన్ పిల్లలు మీ తరగతిలోనే ఉంటారు. ఈ పనిని తెలుగువారి కోసమనో, అంతర్జాతీయ విద్యార్థుల కోసమనో అడగకు. అందరి కోసం అడుగు, అందరితో కలిసి అడుగు.

జవాబు: రాత్రి షిఫ్టు

అన్నయ్య మాటకు ఒక చిన్న చేర్పు. ప్యాంట్రీకి సరుకులు ఇచ్చే వీలు వస్తే, డబ్బా ఆహారంతో పాటు బియ్యం, కందిపప్పు, పెసరపప్పు, పెరుగు కూడా పెట్టించమని అడగండి. మాంసం తినని పిల్లలు, సగం డబ్బాలు తాము తినలేనివి కావడంతో ఖాళీ సంచితో తిరిగి వెళ్లడం చూశాను.

ప్రశ్నకర్త: కృష్ణలంక అమ్మాయి

అందరికీ ధన్యవాదాలు. నాలుగు వారాల లెక్క పూర్తయింది కాబట్టి తెలియజేస్తున్నాను. మా అంతస్తులోని 22 మందికి కలిపి నాలుగు వారాల్లో 311 స్వైపులు రద్దయ్యాయి. ఆ పట్టిక చూసి విద్యార్థి సంఘం అధ్యక్షుడు తానే డైనింగ్ కార్యాలయంతో సమావేశం ఏర్పాటు చేశాడు. వచ్చే మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్తున్నాం. ఒక్కొక్కరికీ సెమిస్టర్‌కు ఐదు స్వైపుల హద్దు, మూడు ప్రశ్నల దరఖాస్తు, మామూలు కార్డులోకే భోజనాలు, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం రాసిచ్చే వాక్యం, అన్నీ ఒక్క పేజీలో రాసుకున్నాను. వచ్చే ఏడాది ఒప్పందంలో చేర్చాలన్న మాస్టారి మాట ఆ పేజీలో మొదటి వాక్యం.

ఆ అక్కను నిన్న సాయంత్రం నా ప్లాన్‌లో ఉన్న అతిథి భోజనం మీద డైనింగ్ హాలుకు తీసుకెళ్లాను. పరీక్షకు ఒక పాఠం చెప్పించుకోవాలి రమ్మన్నాను. నిజంగానే చెప్పించుకున్నాను. ఆమె రెండోసారి అన్నం పెట్టుకోవడానికి లేచినప్పుడు నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు.